పిలిస్తే పరుగెత్తుకు రావాలంటే...



సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి వారంలో "ఇంట్లో కొత్త సంగతులేంటి?" అని అడిగితే తరగతిలో నాలుగైదు చేతులు ఒకేసారి పైకి లేస్తాయి. "మేడమ్, మా ఇంటికి కుక్కపిల్ల వచ్చింది!" సూర్యాపేటలో అడిగినా, కోదాడలో అడిగినా, మిర్యాలగూడలో అడిగినా ఇదే ముచ్చట. కొందరి ఇంట్లో లాబ్రడార్, కొందరి ఇంట్లో పామరేనియన్. ఇంకొందరి ఇంట్లో వానకు తడుస్తూ వణుకుతుంటే పిల్లలు అమ్మను బతిమాలి తెచ్చుకున్న మన వీధి కుక్కపిల్ల.

మొదటి పది రోజులు ఇల్లంతా పండగే. తర్వాత అసలు కథ మొదలవుతుంది. నాన్న కొత్త చెప్పులు కొరికేస్తుంది. హాల్లో కార్పెట్ తడిపేస్తుంది. బంధువులు రాగానే మీదికి దూకుతుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు చీపురో కర్రో అందుకుంటారు. "రెండు తగిలిస్తే గానీ దీనికి బుద్ధి రాదు" అనే మాట వినిపిస్తుంది. పక్కనే నిలబడి మన పిల్లవాడు అంతా చూస్తూ ఉంటాడు.

ఈ నెల పాఠం ఆ క్షణం గురించే. కర్ర లేకుండా కుక్కకు ఎలా నేర్పాలో, అది ఎందుకు పనిచేస్తుందో, ఈ పనిలో మన పిల్లలు ఏం నేర్చుకుంటారో చూద్దాం.

ముందుగా నా తప్పు

ఈ పాఠం నేను పుస్తకంలో చదవడానికి ముందే ఇంట్లో నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట మా ఇంట్లో ఒక కుక్క ఉండేది. ఒకరోజు అది గేటు సందులోంచి బయటికి జారుకుంది. పది నిమిషాలు వెతికి, అరిచి, విసిగి, చివరికి "రా... రా..." అని పిలిచాను. తోక ఊపుకుంటూ వచ్చింది. వచ్చిన దాన్ని మెడపట్టీతో పట్టుకుని రెండు దెబ్బలు వేశాను. బయటికి పోయినందుకు కొట్టానని నా లెక్క. పిలిస్తే వచ్చినందుకు దెబ్బలు పడ్డాయని దాని లెక్క.

నెల తిరగకుండానే మళ్లీ గేటు తెరిచి ఉంది. అది రోడ్డు మధ్యలో ఉంది. ఒక బైకు వస్తోంది. "రా!" అని గట్టిగా పిలిచాను. అది ఆగి నా వైపు చూసింది. రెండడుగులు వేసి నిలబడిపోయింది. రావాలా వద్దా అన్నట్టు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మరచిపోలేదు. ప్రాణం దక్కింది గానీ వెనక కాలు ఒకటి జీవితాంతం కుంటిదైపోయింది. బైకు నడిపినాయన తప్పు ఏమీ లేదు. "రా" అనే మాటను చెడగొట్టింది నేను.

జంతువు ఎలా నేర్చుకుంటుంది?

ఒక పని చేశాక మంచి జరిగితే ఆ పని మళ్లీ చేయాలనిపిస్తుంది. ఏమీ జరగకపోతే మెల్లగా మానేయాలనిపిస్తుంది. విషయమంతా ఇంతే. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ దీన్ని 1898లో పిల్లులతో చేసిన ప్రయోగాల్లో చూపించాడు. ఆకలిగా ఉన్న పిల్లిని చెక్కపెట్టెలో ఉంచి, తినేది బయట పెట్టాడు. లోపల ఒక తాడో మీటో కదిలిస్తే తలుపు తెరుచుకుంటుంది. మొదట్లో పిల్లి గీకి, కొరికి, గెంతి, ఎలాగో అనుకోకుండా తలుపు తెరిచేది. మళ్లీ మళ్లీ అదే పెట్టెలో ఉంచితే పనికిరాని గెంతులు తగ్గి, తలుపు తెరిచే పని త్వరత్వరగా చేసేది. ఎవరూ కొట్టలేదు, ఎవరూ చెప్పలేదు. ఫలితమే దానికి గురువైంది.

తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ ఈ సంగతినే మరింత లోతుగా పరిశీలించి 1938లో పుస్తకం వేశాడు. ఒక ప్రవర్తన తర్వాత ఇష్టమైనది అందించి, ఆ ప్రవర్తనను పెంచే పద్ధతికి 'పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్' అని పేరు వచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే మెచ్చి నేర్పడం.

ఈ పద్ధతిని ఇళ్లలోని కుక్కల దాకా తెచ్చినవారిలో కారెన్ ప్రయర్ ఒకరు. ఆమె 1960లలో హవాయిలో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చేది. డాల్ఫిన్‌కు మెడపట్టీ వేయలేం, తాడుతో లాగలేం. కోప్పడితే అది నీటి అడుక్కి వెళ్లిపోతుంది, అంతే. కాబట్టి చేయాల్సింది చేసిన క్షణంలో ఈల ఊది, వెంటనే చేప అందించాలి. వేరే దారి లేదు. కొట్టే వీలే లేని జంతువు అంత చక్కగా నేర్చుకుంటే, మన చేతికి అందే కుక్కను కొట్టడం దేనికి?

పోలీసు కుక్కలనగానే కఠిన శిక్షణ గుర్తొస్తుంది మనకు. మన రాష్ట్ర పోలీసు కుక్కలకు హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లోని అకాడమీలో శిక్షణ ఇస్తారు. ప్రపంచంలో ఎక్కడైనా సరే, వాసన పట్టే కుక్క పని చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. దాచిన వస్తువును కనిపెట్టగానే దానికి ఇష్టమైన బంతో, తినేదో, యజమాని ముద్దు మాటో దొరుకుతుంది. మనకు అది డ్యూటీ. కుక్కకు మాత్రం గెలిస్తే బంతి దొరికే ఆట.

దెబ్బ ఎందుకు తప్పు పాఠం చెబుతుంది?

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి హాల్లో మూత్రం ఉంది. కుక్కను లాక్కొచ్చి, దాని ముక్కు అక్కడ రుద్ది, ఒకటి వేస్తాం. అది ఆ పని చేసింది గంట కిందట. ఇప్పుడు దానికి తెలిసింది ఒక్కటే: సాయంత్రం నాన్న వస్తే భయం. రేపటి నుంచి మూత్రం మానదు, మంచం కిందికి దూరి పోయడం నేర్చుకుంటుంది.

"కాదండీ, తప్పు చేశానని దానికి తెలుసు, ముఖం చూస్తే తెలుస్తుంది" అంటారు చాలామంది. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఇదే పరీక్షించింది. తినొద్దన్న తినుబండారాన్ని కుక్క తిన్నదని కొందరు యజమానులకు చెప్పారు. నిజానికి కొన్ని కుక్కలు దాన్ని ముట్టనే లేదు. తినని కుక్కలు కూడా, యజమాని తిట్టగానే, తల వంచి, చెవులు వెనక్కి వాల్చి అదే 'దొంగ ముఖం' పెట్టాయి. ఆ ముఖం వెనక ఉన్నది తప్పు చేశానన్న ఎరుక కాదు, మన కోపానికి భయం.

ఇంకో ప్రమాదం ఉంది. కుక్క గుర్రుమన్నప్పుడు కొడితే అది గుర్రుమనడం మానేస్తుంది. భయం మాత్రం పోదు. గుర్రు అంటే 'దగ్గరికి రాకు' అనే హెచ్చరిక. ఆ హెచ్చరికను కొట్టి మాన్పించిన కుక్క, ఒకరోజు ఏ సూచనా లేకుండా కరుస్తుంది. చాలా ఇళ్లలో ఆ రోజు దాని ఎదురుగా ఉండేది చిన్నపిల్లలే.

మొదలుపెట్టే ముందు

*ఇంట్లో అందరిదీ ఒకే మాట.* నాన్న 'సిట్' అంటాడు, అక్క 'సిట్ డౌన్' అంటుంది, అమ్మ 'కూర్చో' అంటుంది, నాయనమ్మ 'కూసో' అంటుంది. కుక్కకు ఇవి నాలుగు వేరువేరు చప్పుళ్లు. భాష ఏదైనా ఫరవాలేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక మాట ఖాయం చేసుకుని, కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఈ పని మీ పిల్లలకే అప్పగించండి.

*మెచ్చుకోలు మాట.* 'శభాష్' లాంటి చిన్న మాట ఒకటి ఎంచుకోండి. సరైన పని చేసిన క్షణంలో ఆ మాట పడాలి, ఒకటి రెండు సెకన్లలోపే ముక్క అందాలి. ఆలస్యమైతే ఎందుకు మెచ్చుకున్నారో దానికి అర్థం కాదు.

*ముక్క ఎంత?* కందిగింజంత చాలు. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ పోగులు, ఉడికిన గుడ్డు, క్యారెట్ ముక్క, చపాతీ తునక ఏదైనా సరే. పాఠాల్లో పెట్టినంత మేర రోజువారీ తిండిలో తగ్గించండి.

*పెట్టకూడనివి.* చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ, వెల్లుల్లి, చక్కెర లేని చూయింగ్ గమ్ కుక్కలకు హానికరం. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనివి తక్కువ కదా, అందుకే పళ్లెంలో మిగిలిన కూర వేసే అలవాటు మానుకోండి. ఉడికించిన ఎముకలు విరిగి, గొంతులో గుచ్చుకుంటాయి. అవీ వద్దు.

*సమయం.* ఒక్కో పాఠం 3 నుంచి 5 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. కుక్క విసుక్కోకముందే, దానికి వచ్చిన పనితోనే పాఠం ముగించండి. మన ఎండాకాలంలో పొద్దున్నే లేదా పొద్దుగూకాక మాత్రమే బయటికి తీసుకెళ్లండి. రోడ్డు మీద మీ అరచేతి వెనక వైపు అయిదు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

నాలుగు పాఠాలు

*1. పేరు.* పేరు పిలవండి. మీ వైపు చూసిన క్షణంలో 'శభాష్', వెంటనే ముక్క. రోజుకు ఇరవై సార్లు చేసినా అయిదు నిమిషాలే. ఒక నియమం: తిట్టడానికి దాని పేరు వాడకండి. పేరు వినగానే మంచి జరుగుతుందన్న నమ్మకమే మిగతా పాఠాలన్నిటికీ పునాది.

*2. కూర్చో.* ముక్కను దాని ముక్కు దగ్గర పట్టుకుని, మెల్లగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తే నడుము దానంతటదే కిందికి దిగుతుంది. కింద ఆనిన క్షణంలో 'శభాష్', ముక్క. నడుము చేత్తో నొక్కకండి. నాలుగైదు సార్లయ్యాక ఖాళీ చేత్తో అదే సైగ చేయండి, ముక్కను రెండో చేత్తో ఇవ్వండి. సైగకు కూర్చోవడం ఖాయమయ్యాకే సైగకు ముందు 'కూర్చో' అనే మాట చేర్చండి. మాట ముందు, పని తర్వాత అనేది మన బడి అలవాటు. కుక్కకు పని ముందు, పేరు తర్వాత.

ఇక్కడే అతిథుల మీదికి దూకే సమస్యకు మందు ఉంది. దూకినప్పుడు అరిస్తే, తోస్తే అది ఆట అనుకుంటుంది. మన అరుపు కూడా దానికి బహుమతే. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడు లేదా కూర్చున్నప్పుడే చూడండి, నిమరండి. దూకితే మాట్లాడకుండా పక్కకు తిరగండి. మొదటి రెండు మూడు రోజులు దూకడం ఎక్కువవుతుంది. పాత పద్ధతి ఎందుకు పనిచేయడం లేదో అది మరోసారి గట్టిగా ప్రయత్నించి చూస్తోందన్నమాట. ఆ రోజుల్లో ఓపిక పట్టినవారే గెలుస్తారు. ఇంటికొచ్చే మామయ్యకూ ఈ సంగతి ముందే చెప్పండి. ఒక్కరు ముద్దు చేసినా పాఠం మళ్లీ మొదటికి వస్తుంది.

*3. రా.* ఇది ప్రాణం కాపాడే మాట. గదిలో రెండడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి. ఉత్సాహంగా 'రా' అనండి, రాగానే మెచ్చుకుని ఒకటి కాదు, మూడు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి. తర్వాత పక్క గది నుంచి, తర్వాత మూసిన గేటు లోపల వాకిట్లో, తర్వాత పొడవాటి తాడు కట్టి ఖాళీ స్థలంలో. ఒక్కో మెట్టు దాటాకే తర్వాతి మెట్టు. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి మార్చి మార్చి పిలిస్తే ఇది మంచి ఆట అవుతుంది.

మూడు నియమాలు గుర్తుంచుకోండి. తిట్టడానికి 'రా' అనకండి. స్నానం, మందు లాంటి ఇష్టం లేని పనులకు పిలవకండి, మీరే దగ్గరికి వెళ్లండి. ఎంత ఆలస్యంగా వచ్చినా, ఎంత కోపంగా ఉన్నా, వచ్చాక మెచ్చుకోండి. ఈ మూడూ నేను తప్పాను కాబట్టే చెబుతున్నాను.

*4. బయటికి.* నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట అవ్వగానే కుక్కపిల్లను ఒకే చోటికి తీసుకెళ్లండి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. పని అవ్వగానే అక్కడే మెచ్చుకోండి. ఇంట్లో పొరపాటు జరిగితే శబ్దం లేకుండా శుభ్రం చేయండి. ఎన్ని పొరపాట్లు జరిగాయో కాదు, మనం ఎన్నిసార్లు వేళకు తీసుకెళ్లలేదో లెక్కపెట్టండి. చెప్పుల సంగతీ అంతే. పళ్లు వచ్చే వయసులో అది ఏదో ఒకటి కొరకక తప్పదు. చెప్పులు స్టాండులో పెట్టి, కొరకడానికి గట్టి తాడో రబ్బరు బొమ్మో ఇచ్చి, దాన్ని కొరికినప్పుడు మెచ్చుకోండి.

పాఠం వచ్చాక ప్రతిసారీ ముక్క ఇవ్వాలా? అక్కర్లేదు. రెండుసార్లకు ఒకసారి, తర్వాత నాలుగుసార్లకు ఒకసారి, ఎప్పుడిస్తారో ముందే తెలియకుండా ఇవ్వండి. 'శభాష్' మాత్రం ఎప్పుడూ ఉండనివ్వండి.

మన ఊళ్ల చప్పుళ్లు

సూర్యాపేట, కోదాడ మీదుగా హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి పోతుంది. మిర్యాలగూడలో రైసు మిల్లులకు వచ్చిపోయే లారీల మోత ఉంటుంది. ఈ హారన్లకు, దీపావళి టపాసులకు, పెళ్లి ఊరేగింపు డప్పులకు కొత్త పిల్ల బెదిరిపోతుంది. బెదిరినదాన్ని చప్పుడు దగ్గరికి లాక్కెళ్లి 'అలవాటు చేయడం' పొరపాటు. చప్పుడు చిన్నగా వినిపించే దూరంలో నిలబడి, లారీ పోయిన ప్రతిసారీ ఒక చికెన్ ముక్క ఇవ్వండి. అది హాయిగా తినగలిగితే ఆ దూరం సరైనదే. తినకుండా ముఖం తిప్పుకుంటే ఇంకాస్త వెనక్కి జరగండి. రోజులు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా దగ్గరికి రండి. దీపావళికి నెల ముందు నుంచే ఫోన్‌లో టపాసుల చప్పుడు సన్నగా పెట్టి ఇలాగే అలవాటు చేయవచ్చు.

పిల్లల భద్రత: ఇది తప్పక చదవండి

కుక్క నోటితో మాట్లాడదు, ఒంటితో మాట్లాడుతుంది. ఒళ్లు బిగదీయడం, పదేపదే పెదవులు నాకడం, నిద్ర లేకుండానే ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, తోక కాళ్ల మధ్య దూర్చడం ఇవన్నీ 'నాకు ఇబ్బందిగా ఉంది' అనే మాటలే. తోక ఊపిన ప్రతి కుక్కా స్నేహంగా ఉన్నట్టు కాదు. ఒళ్లు బిగించి తోక నిటారుగా ఆడిస్తుంటే దూరంగా ఉండాలి.

పిల్లలకు నేర్పాల్సినవి:
- తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క జోలికి వెళ్లకూడదు.
- మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకోకూడదు. అది మనకు ప్రేమ, దానికి ఊపిరాడని పని.
- ఇతరుల కుక్కను యజమానిని అడగకుండా ముట్టుకోకూడదు.
- వీధికుక్క వెంటపడితే పరుగెత్తకూడదు. చెట్టులా కదలకుండా నిలబడి, చేతులు దగ్గరికి ముడుచుకుని, దాని కళ్లలోకి చూడకుండా ఉండాలి. అది పట్టించుకోవడం మానేశాక మెల్లగా పక్కకు జరగాలి.
- చిన్నపిల్లలను, ఎంత మంచి కుక్క అయినా సరే, పెద్దవాళ్లు లేకుండా దానితో వదలకూడదు.

కరిచినా, పంటిగాటు పడినా, గోళ్లతో గీరినా, అది ఇంటి కుక్కే అయినా, గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. టీకా చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో సాధారణంగా మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం దగ్గర ఇంకో ఇంజెక్షన్ కూడా అవసరమవుతుంది. డాక్టర్ చెప్పిన తేదీల్లో ఒక్కటీ వదలవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందు సరిగ్గా టీకాలు వేయించుకుంటే దాదాపు పూర్తిగా ఆపగలం. అందుకే పిల్లలకు ముందే ఈ మాట చెప్పి ఉంచండి: "కుక్క కరిస్తే, గీరితే మాకు చెప్పు. నిన్ను ఏమీ అనం." దెబ్బలు పడతాయన్న భయంతో ఇంట్లో చెప్పని పిల్లలకే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

మీ కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ వేయించండి. ప్రతి సెప్టెంబర్ 28న ప్రపంచ రేబిస్ దినం జరుపుతారు. ఆ తేదీని మీ ఇంటి క్యాలెండర్‌లో టీకా తేదీగా పెట్టుకుంటే మరచిపోరు.

ఇక మన పిల్లల సంగతి

"అయితే పిల్లలనూ ఇలాగే చాక్లెట్ ఇచ్చి చదివించాలా మేడమ్?" అని ఒక నాన్నగారు అడిగారు. కాదు. పిల్లలు కుక్కపిల్లలు కారు. వాళ్లకు కారణం చెప్పగలం, వాళ్ల మాట వినగలం. పైగా బహుమతికీ ఒక హద్దు ఉంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలను గమనించారు. "బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో గీయడం తగ్గించేశారు. ఏమీ చెప్పని పిల్లలు, అనుకోకుండా బహుమతి అందుకున్న పిల్లలు అలా తగ్గించలేదు. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే అది కూలి పనే అవుతుంది. కాబట్టి "ఫస్ట్ ర్యాంకు వస్తే సైకిల్" అనే బేరం కన్నా, "ఈ లెక్క మూడుసార్లు తప్పినా వదలకుండా చేశావు, చూశాను" అనే మాట మేలు.

కుక్క శిక్షణ నుంచి మనం తీసుకోవాల్సింది తినుబండారం కాదు, చూపు. మన కన్ను తప్పు మీదే ముందు పడుతుంది. కుక్క అరగంట బుద్ధిగా పడుకుంటే ఎవరూ పలకరించరు, చెప్పు ముట్టుకుంటే అందరూ లేస్తారు. పిల్లవాడు వందకు 92 తెచ్చుకుంటే "మిగతా 8 ఎక్కడ పోయాయి?" అంటాం. సరైన పనిని పట్టుకోవడం నేర్చుకున్న కన్ను ఇంట్లో అందరికీ పనికొస్తుంది.

బడిలో పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. జంతువులను కొట్టి హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయితే చట్టం ఇంటి హాల్లోకి తొంగిచూడదు. అక్కడ చూసేది మన పిల్లలే. కొట్టిన ఇంట్లో పిల్లవాడు కుక్కను కొడతాడు, తర్వాత తమ్ముణ్ని కొడతాడు. ఓపికగా నేర్పిన ఇంట్లో పిల్లవాడికి తన కన్నా చిన్నవాళ్లకు ఎలా నేర్పాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ప్రోగ్రెస్ కార్డు ఇచ్చిన రోజు మీ అబ్బాయి బ్యాగు తెరవకుండా గదిలోకి వెళ్లిపోతే, మీరు పిలిచినా గుమ్మం దగ్గర ఆగి చూస్తుంటే, నా కుక్క రోడ్డు మధ్యలో నిలబడి చూసిన చూపు గుర్తు చేసుకోండి. వస్తే ఏం జరుగుతుందో దానికి తెలుసు. అందుకే ఆగింది. పిల్లల జీవితంలో కూడా రోడ్డు మధ్యలో నిలబడే రోజులు వస్తాయి: తప్పిన పరీక్ష, చెడ్డ స్నేహం, ఫోన్‌లో ఎవరో పెట్టిన బెదిరింపు. ఆ రోజు మనం పిలిస్తే పరుగెత్తుకు రావాలంటే, అంతకుముందు వచ్చిన ప్రతిసారీ మన దగ్గర వాళ్లకు మంచే జరిగి ఉండాలి.

ఈ నెల ఇంటిపని (పెద్దలకు, పిల్లలకు కలిపి)

1. ఇంట్లో కుక్క ఉంటే: పైన చెప్పిన నాలుగు పాఠాల్లో ఒకటి ఎంచుకుని వారం రోజులు చేయండి. మీ అబ్బాయో అమ్మాయో తేదీ, ఎన్నిసార్లు ప్రయత్నించారు, ఎన్నిసార్లు వచ్చింది అని నోట్‌బుక్‌లో గీతలు గీసి రాయాలి. వారం చివర దాన్ని బార్ గ్రాఫ్‌గా గీయవచ్చు. అది లెక్కల పాఠం కూడా.

2. ఇంట్లో కుక్క లేకపోతే: మేడ మీద నుంచో కిటికీలోంచో వీధికుక్కలను రోజూ పది నిమిషాలు చూసి, తోక, చెవులు, ఒళ్లు ఎలా ఉన్నాయో రాయాలి. దగ్గరికి వెళ్లకూడదు.

3. పెద్దలకు మాత్రమే: రోజుకు మూడుసార్లు, మీ పిల్లలు చేసిన ఒక సరైన పనిని పట్టుకుని, అదేమిటో పేరు పెట్టి చెప్పండి. 'గుడ్' అంటే చాలదు. "చెల్లికి నీళ్లు ఇచ్చి నువ్వు తాగావు" అనాలి. వారం పాటు తిట్లు ఎన్ని, ఈ మాటలు ఎన్ని అని మీ మనసులోనే లెక్కపెట్టుకోండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.

పిల్లల నోట్‌బుక్‌లు తరగతి ఉపాధ్యాయులకు పంపండి. మంచి పరిశీలనలు తరగతి గోడ మీద పెడతాం. ఇంకా మొదలుపెట్టని వారు ఈ సాయంత్రమే చేయగల పని ఒకటుంది. మీ కుక్కను ఏ కారణం లేకుండా ఒకసారి పేరుతో పిలవండి. వచ్చాక మెచ్చుకుని వదిలేయండి. ఆ తర్వాత మీ పిల్లవాణ్ని కూడా ఏ పనీ చెప్పకుండా, ఏ ప్రశ్నా అడగకుండా ఒకసారి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.